నకలు నాగము కొనదగునా?

2016వ సంవత్సరము ఆగస్టు మాసమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి మాంటరేలో జరిగిన వేలంపాటలో, వెలిసిపోయిన నీలిరంగుతో, మడతలు పడిన తోలుసీట్లతో, పునరుద్ధరణ పేరిట మెరుగులు దిద్దబడక ముదిసిన యొడలితోనే నిలిచియున్న ఒక చిన్న రెండు సీట్ల కారు 1,37,50,000 డాలర్లకు అమ్ముడుపోయెను. అమెరికా దేశపు కారొకటి బహిరంగ వేలములో అంతటి ధర పలుకుట అదివరకు జరుగలేదు. కేరల్ షెల్బీ యను టెక్సాసు వాసి 1962లో కూర్చిన మొట్టమొదటి కోబ్రా కారది. దానిని గూర్చి మోటారు ప్రపంచమున ఒక ముచ్చట ప్రసిద్ధము. తొలిదినములలో షెల్బీ చేతిలో నున్నది ఆ యొక్క కారే. కాని కొనవచ్చు వారికిని, ఇంజన్లు సరఫరా చేయు ఫోర్డు కంపెనీకిని, అతని కార్ఖానా కళకళలాడుచున్నదను నమ్మకము కలుగవలయును గదా! అందుచేత ఏ పత్రికవారు పరీక్షించుటకు కారడిగినను అదే కారునకు కొత్తరంగు పూయించి పంపుచు వచ్చెను. ఒక పత్రికలో ఒక రంగునను, మరియొక పత్రికలో వేరొక రంగునను కనబడి పాఠకులను మురిపించిన కార్లన్నియు ఒక్కటియే.

ఒకటి పెక్కింటి వేషము వేసిన ఆ కాలము గడచి, పెక్కులు ఆ యొక్కదాని వేషము వేయు కాలము వచ్చినది. 1960లలో పుట్టిన అసలు కోబ్రాలు వేయికి అటునిటుగా మాత్రమే. నేడు అమెరికా రహదారుల మీద కోబ్రా రూపము ధరించి తిరుగుచున్నవి అనేక సహస్రములు. ప్రపంచములో ఇంతగా అనుకరింపబడిన కారు మరియొకటి లేదని ఆ విద్య యెరిగినవా రందురు. కోబ్రాయే కాదు, పాంటియాక్ జీటీఓ, ప్లిమత్ ‘హెమీ కూడా’, షెవలే సూపర్ స్పోర్టు, షెల్బీ మస్టాంగు మొదలగు ఆ తరపు మహాబల శకటములన్నింటికిని నకళ్లు పుట్టినవి, పుట్టుచున్నవి. ఇట్టి నకలును కష్టార్జితము వెచ్చించి కొనదగునా, కూడదా యనునది ఈ కథనమునకు వస్తువు. కోబ్రా స్పోర్ట్సు కారు జాతిదే గాని మజిల్ కారు జాతిది కాదని పట్టుపట్టు పండితులు గలరు. శాస్త్రరీత్యా వారి మాట ఒప్పే. కాని నకళ్ల చర్చలో కోబ్రాను విడిచిపెట్టుట పెండ్లికుమారుని విడిచి పెండ్లి జరిపించుట వంటిది.

మజిల్ కారనగా ఏమో ముందు చెప్పుకొందము. కుటుంబ అవసరములకు తయారైన మధ్యతరహా కారు ఒడలిలో, పెద్దకార్లకు ఉద్దేశించిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఇమిడ్చి, కుర్రకారుకు అందుబాటు ధరకు అమ్ముట దాని సూత్రము. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థలో నియమముండెను. పాంటియాక్ శాఖలో ఇంజనీరైన జాన్ డెలోరియన్ ప్రభృతులు ఆ నియమమును ధిక్కరింపలేదు, చాటునుండి దాటిరి. 389 ఘనపుటంగుళముల ఇంజనును ప్రత్యేకమైన కారుగా ప్రకటించినచో పైయధికారుల అనుమతి కావలసి వచ్చును. కావున టెంపెస్ట్ లెమాన్ అను సాధారణపు కారుపై కోరినవారికి ఇచ్చు అదనపు అమరికగా, సుమారు 300 డాలర్ల వెలకు, 1964లో విడుదల చేసిరి. దానికి పెట్టిన జీటీఓ యను పేరు ఇటలీ దేశపు ఫెరారీ నుండి ఎత్తుకొన్నది. ఆ మొదటి యేట ముప్పదిరెండు వేలకు పైగా అమ్ముడుపోయెను. ఈ జాతి పుట్టుకలోనే ఒక యెరవు పేరును, ఒక చాటుమాటును కలిసియున్నవని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. అసలు జాతి పవిత్రతను గూర్చి ముందు ముందు వినబోవు ఉపన్యాసములకు ఇది కొంత విరుగుడు.

ఆ వైభవము పట్టుమని పదేండ్లు నిలువలేదు. కుర్రవాండ్ల చేతిలో నాలుగువందల అశ్వశక్తి గల బండ్లుండుట చూచి ఇన్సూరెన్సు కంపెనీలు ప్రీమియములను పెంచెను. 1970 నాటి వాయుశుద్ధి చట్టము పొగగొట్టములకు కళ్లెము వేసెను. 1973లో చమురు సంక్షోభము మిగిలిన పని పూర్తిచేసెను. పెట్రోలు త్రాగు ఆ బండ్లను ఆనాడు అడిగినవాడు లేడు. వందల కొలది కార్లు తుక్కు క్రింద పోయినవి. టెలివిజను ధారావాహికలలో గాలిలోనికి ఎగురవేసి విరుగగొట్టుటకు మరికొన్ని కొనబడినవి. ఆనాటి కుర్రవాండ్లు నడివయసు వారై, చేతిలో నాలుగు డబ్బులాడి, పోగొట్టుకొన్న యౌవనమును వెదకుకొన మొదలిడిన తరువాత గాని ఆ కార్లకు విలువ తెలిసిరాలేదు. 1970లో ప్లిమత్ వారి ‘కూడా’ కారునకు హెమీ యను మహాబలమైన ఇంజను కావలెనన్నచో కారు వెలపై 870 డాలర్ల పైచిలుకు అదనముగా చెల్లింపవలసి యుండెను. చెల్లించినవారు కొద్దిమందియే గనుక, ఆ యేట తయారైన ‘హెమీ కూడా’ కార్లలో టాపు తెరచుకొనునవి పదునాలుగు మాత్రమే. 1971 నాటి అట్టి కారొకటి 2014లో వేలమున 35 లక్షల డాలర్లు పలికెను. అసలు ఇంతటి యెత్తునకు పోయిన పిదప నకలు పుట్టకుండునా?

కోబ్రా కథ కొంత విస్తరించి చెప్పదగినది. షెల్బీ మొదట టెక్సాసులో కోళ్లఫారము పెట్టెను. మొదటి విడత కోళ్లు లాభము తెచ్చెను, రెండవ విడత తెగులు తగిలి చచ్చెను. మన గోదావరి జిల్లాల కోళ్లరైతులకు ఈ అనుభవము వివరింప నక్కరలేదు. పిదప పందెపు కార్లు నడపి, 1959లో ఫ్రాన్సు దేశపు లెమాన్ పందెమున ఆస్టన్ మార్టిన్ కారుతో, రాయ్ సాల్వడోరి యను సహచాలకునితో కలిసి గెలిచెను. మరుసటి యేట గుండెజబ్బుతో నాలుక క్రింద మాత్ర పెట్టుకొని పందెములు నడపి, తుదకు ఆ వృత్తి మానుకొనెను. అదే కాలమున ఇంగ్లండులో థేమ్స్ డిట్టన్ గ్రామమందలి ఏసీ యను చిన్న కంపెనీకి బ్రిస్టల్ ఇంజన్ల సరఫరా ఆగిపోవ నారంభించెను. వారి ఏస్ అను తేలికపాటి కారునకు ఇంజను లేదు. ఫోర్డు కంపెనీ యొద్ద కొత్తగా తయారైన చిన్న ఎనిమిది సిలిండర్ల ఇంజనునకు తగిన స్పోర్ట్సు కారు లేదు. ఇద్దరికిని నడుమ షెల్బీ పెండ్లిపెద్దయై, ఇంజను లేకయే విమానముపై వచ్చిన ఇంగ్లీషు కారును లాస్ ఏంజిలస్ సమీపమందలి ఒక మిత్రుని షెడ్డునకు చేర్చి, కొన్ని గంటలలో అమెరికా ఇంజనును అందులో బిగించెను. అదియే కోబ్రా.

అనగా అసలు కోబ్రా ఒక దేశపు ఒడలును మరియొక దేశపు గుండెయు గల సంకరజాతి. ఒక షెడ్డులో పానాలతో బిగింపబడిన వస్తువు. మరియు 1965లో వచ్చిన, అందరును నకలు చేయునట్టి, ఉబ్బిన మడుగార్డుల 427 కోబ్రాలు కొన్నింటిలో పేరునకు 427 ఘనపుటంగుళములైనను లోపల 428 ఘనపుటంగుళముల చౌక ఇంజను బిగించి అమ్మిరి. ఆ రెంటికిని అంకె యొక్కటియే తేడాగాని, ఒకటి పందెములకు పుట్టినది, రెండవది పోలీసు కార్లకును పెద్ద కుటుంబపు కార్లకును పుట్టినది. కావున ఒక షెడ్డులో నేడు మరియొకడు అదే కొలతలతో చట్రము వెల్డింగు చేసి, అదే రూపున ఒడలు పోసి, ఫోర్డు ఇంజను బిగించినచో, వాడు చేసినది షెల్బీ చేసిన పనికి ఎంత దూరమో తూచి చెప్పుట సులభము కాదు.

చేసినవారు తక్కువవారును కారు. 1995లో మసాచుసెట్స్ రాష్ట్రమున స్థాపితమైన ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ విడిభాగములను పెట్టెలలో పంపును. కొనినవాడు పాత మస్టాంగు నుండి ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు ఊడదీసి తన ఇంటి గ్యారేజిలో తానే కూర్చుకొనవచ్చునను ఊహతో ఆ సంస్థ వృద్ధిపొందెను. షెల్బీ ఆ కంపెనీపై న్యాయస్థానమున కెక్కెను. తుదకు రాజీ కుదిరి, కోబ్రా పేరు వాడుట మానిరి గాని ఆ రూపమును చేయుట మానలేదు. సూపర్‌ఫార్మెన్స్ సంస్థ కార్లు దక్షిణాఫ్రికాలో తయారై, ఇంజను లేక ఓడలపై అమెరికా చేరును. ఇంజను అక్కడ బిగింతురు. షెల్బీ మొదటి కారునకు చేసినది సరిగా ఇదియే. ఇక యూటా రాష్ట్రపు కిర్క్‌హామ్ సోదరులు సోవియట్ వ్యవస్థ కూలిన పిమ్మట పోలండులో పనిలేక యున్న మిగ్ యుద్ధవిమానముల కర్మాగారమును పట్టుకొని, విమానపు రేకులు సాగగొట్టిన చేతుల చేతనే అల్యూమినియము కోబ్రా ఒడళ్లను సాగగొట్టించిరి. తన రూపమును అందరును చేసికొనుచుండగా షెల్బీ యూరకుండునా? తానును తన పాత కారునే తిరిగి చేయించి, పాత వరుసకు కొనసాగింపని కొత్త నంబర్లు వేసి అమ్మ మొదలిడెను. సృష్టికర్త స్వయముగా చేసినది నకలగునో కాదో తేల్చుటకు మీమాంసకులు కావలయును.

ఇట్టి కారులో కూర్చున్నవాని యనుభవమును దగ్గరగా చూడవలయును. తలుపునకు బయట పిడి యుండదు. లోనికి చేయిచాచి గొళ్లెము లాగవలయును. ప్రక్క కిటికీలకు అద్దములు లేవు. పెద్ద ఇంజను చోటంతయు ఆక్రమించుటచే పెడళ్లు ఎడమకు జరిగియుండును, కాళ్లు వంకరగా చాచి కూర్చుండవలయును. ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము 90 అంగుళములు. మన మారుతి 800 కంటె నాలుగంగుళముల చిల్లర మాత్రమే అధికము. ఆ చిన్న యొడలిలో నాలుగువందలకు పైబడిన అశ్వశక్తి. కుడికాలు ఏమరుపాటున ఒక యంగుళము క్రిందికి పోయెనా, తడిసిన రోడ్డుపై వెనుకభాగము ముందునకు వచ్చును. ఏబీఎస్ బ్రేకులు లేవు, గాలిసంచులు లేవు, గుద్దుకొన్నప్పుడు నలిగి ప్రాణము కాపాడు ముందుభాగము లేదు. తలుపు క్రిందనుండి కారు పొడవునను పోవు పొగగొట్టము మంటవలె కాగియుండును. దిగునప్పుడు పిక్క దానికి తగిలెనా బొబ్బ లెక్కును. ఆ మచ్చను కోబ్రా సొంతదారులు పాముకాటని పిలిచి, ఒకరికొకరు చూపుకొని మురియుదురు. ఎవరైనను ఆ కారును ఎరవడిగినచో ముందుగా ఎడమకాలు ఎట్లు దింపవలెనో నేర్పుదురు.

ఈ సుఖదుఃఖములన్నియు నకలులో అసలులో వలెనే యుండును. ఉండుటయే దానిని కొనుటకు కారణము. పైగా నేటి ఇంజను గల నకలులో ఇంధనమును కంప్యూటరు కొలిచి చిమ్మును గనుక చలికాలపు ఉదయమున తాళము త్రిప్పగనే ఇంజను పలుకును. పాత కార్బ్యురేటరుతో అరగంట కుస్తీపట్టవలసిన పని లేదు. తుప్పుపట్టని ఫైబర్‌గ్లాసు ఒడలు, అంగడిలో దొరకు ఫోర్డు స్పేరు పార్టులు, గుద్దుకొనిన మరల చేయించుకొనవచ్చునను ధైర్యము ఇవి అదనము. పది లక్షల డాలర్లకు మించిన అసలు 427 కోబ్రా సొంతదారునకు ఈ ధైర్య మెక్కడిది? అతడు దానిని పాలిషు పెట్టి, ఉష్ణోగ్రత కట్టడి చేసిన గదిలో పెట్టి, ఏడాదికి రెండు మూడు ఉత్సవములకు ట్రక్కుపై ఎక్కించి తీసికొనిపోవును. నడపిన విలువ తరుగును. నడపకున్న కారు పాడగును. ఇది ధనికుల కష్టము. మనము జాలిపడవలసిన పని లేదు. కాని 2019లో ఫోర్డు, ఫెరారీ సంస్థల పోరుపై వచ్చిన ప్రసిద్ధ చలనచిత్రమునందు పందెములలో ఉరుకులాడిన కోబ్రాలును ఫోర్డు పందెపు కార్లైన జీటీ40లును సూపర్‌ఫార్మెన్స్ వారి నకళ్లే. అసళ్లను ఆ విధముగా ఉరికించుటకు ఎవడు సాహసించును?

ఇంతవరకు చెప్పినది నిస్సంకోచమైన నకలును గూర్చి. అది తాను నకలని దాచుకొనదు. ఆ రూపము చూడగనే తెలిసినవాడు మొదట అడుగు ప్రశ్న, ఇది ఎవరు చేసినదని. చిక్కంతయు రెండవ రకములో నున్నది. దానిని అక్కడివారు క్లోను అందురు. అది నిజముగా 1965లోనో 1970లోనో కంపెనీలో పుట్టిన పాతకారే. కాని పుట్టినప్పుడు సామాన్యమైన చిన్న ఇంజనుతో పుట్టి, తరువాత ఎవరిచేతనో పెద్ద ఇంజను, బిరుదు పలకలు, గీతలు, గాలిగవాక్షపు బానెట్టు తొడిగించుకొని, ఉత్తమజాతి కారుగా చెలామణి యగుచున్నది. దీనిలో మోసమునకు చోటెట్లు కలిగెనో జీటీఓ కథయే చెప్పును. 1964, 1965 సంవత్సరములలో జీటీఓ యనునది అదనపు అమరిక మాత్రమే గదా. అందుచే కంపెనీ వేసిన ఆ కారు గుర్తింపు నంబరు అది లెమాన్ అని చెప్పును గాని జీటీఓ అని చెప్పదు. 1966లో ప్రత్యేక మోడలైన తరువాతనే ఆ నంబరు 242తో మొదలగును. కావున మొదటి రెండేండ్ల కారు నిజమో కాదో తేల్చుటకు కంపెనీ ఇన్వాయిసు ప్రతిని తెప్పించి చూచుకొనవలయును. అనగా అసలు కారు అసలుతనమునకు సాక్ష్యము ఒక నకలు కాగితము! ప్లిమత్ కార్లలో ఇంత తికమక లేదు. నంబరులో ఐదవ స్థానమున ఇంజను గురుతు అక్షరము ఉండును. 1970 కారులో అక్కడ ‘ఆర్’ ఉన్నచో హెమీ, ‘జీ’ ఉన్నచో 318 ఘనపుటంగుళముల సాధారణ ఇంజను. అంత తేటగా వ్రాసియున్నను చూచుకొనక కొని నెత్తి కొట్టుకొన్నవారు గలరు.

దొంగచేతులు ఎంత నేర్చినవో చూపుటకు షెవలే ఇంజను మంచి ఉదాహరణము. ఇంజను ముందుభాగమున, కుడివైపు సిలిండరు హెడ్డు ప్రక్కన, బొటనవ్రేలి వెడల్పున ఒక నునుపుచోటు ఉండును. దానిపై కారు నంబరులోని భాగమును పొడిచియుందురు. అది డాష్‌బోర్డుపై నంబరుతో సరిపోయిన కారు వెల అమాంతము పెరుగును. అందుచే సరిపోని ఇంజనును తెచ్చి, ఆ నునుపుచోటును చెక్కి, పాత అంకెలు చెరిపి, కావలసిన అంకెలు పొడుచుట ఒక గుప్తవిద్యగా పెరిగినది. అనుభవజ్ఞుడు భూతద్దముతో అంకెలను ముందు చూడడు, అంకెల క్రింది ఇనుమును చూచును. ఫ్యాక్టరీలో ఆ చోటును చదును చేసిన పనిముట్టు సన్నని గీతలను బారుగా, ముందు నుండి వెనుకకు, సమాంతరముగా విడుచును. తరువాత మిల్లింగు యంత్రముపై చెక్కినచో ఆ గీతలు చెరిగి, గుండ్రని చాళ్లు కనబడును. డాష్‌బోర్డుపై నంబరు పలకను పట్టియుంచు రివెట్లు పూవువలె రేకులు గలిగియుండును. అట్టి పూలరివెట్లును రహస్యముగా దొరకును. పలకను ఊడదీసి వేరొక కారునకు తగిలించుట అమెరికా చట్టమున నేరము. పెట్రోలు ట్యాంకుపైనను, వెనుక సీటు స్ప్రింగుల నడుమను కార్మికులు ఏబదేండ్ల క్రిందట చొప్పించి మరచిన తయారీ కాగితము, ఎలుకలు కొరికి, నూనెమరకలతో దొరకినచో దానికన్న నమ్మదగిన పత్రము లేదు.

కృష్ణాజిల్లా చిలకలపూడి గిల్టు నగలు మన యాడువారు ఎరుగనివి కావు. గిల్టని చెప్పి అమ్ముదురు, గిల్టని యెరిగి కొందురు, పెండ్లికి పెట్టుకొందురు, ఎవరికిని నష్టము లేదు. ఆ నగనే బంగారమని చెప్పి తాకట్టు పెట్టబోయినప్పుడే పోలీసులు వత్తురు. క్లోను కారును క్లోనని వ్రాతపూర్వకముగా చెప్పి అమ్మువాడు గౌరవనీయుడైన వర్తకుడు. నావంటి వానికి ఆ కార్లపై కోబ్రాల కంటె ఎక్కువ ప్రేమ యని కూడ చెప్పెదను. తుక్కునకు పోవలసిన ఆరు సిలిండర్ల సాదాకారును బ్రతికించి, పాత డ్రమ్ము బ్రేకుల స్థానమున డిస్కు బ్రేకులు వేసి, మలుపులలో నమ్మదగిన టైర్లు తొడిగి వీథిలోనికి తెచ్చుట పుణ్యకార్యమే. ఆనాటి అసలు మజిల్ కార్లు అనేకము నేరుగా ఉరుకుటయే గాని ఆగుట నేర్వలేదు. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులతో వచ్చిన బండి కొండరోడ్డున దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి జారిపోవుట సామాన్యము. అసలుతనము పేరిట ఆ బ్రేకులనే పూజించువారిని చూచిన నాకు భయమగును.

మూడవ రకమును త్వరగా ముగింతును. కాలిఫోర్నియాలో డైనకార్న్ అను సంస్థ 1967 మస్టాంగు, 1969 కమారో వంటి కార్ల యుక్కు ఒడళ్లను పూర్తిగా కొత్తవి అచ్చువేసి అమ్మును. ఫ్లోరిడాలో రివాలజీ అను సంస్థ పాతరూపు మస్టాంగులో నేటి ఇంజను, నేటి ఎయిర్ కండిషనరు పెట్టి, రెండు లక్షల డాలర్లకు పైబడిన వెలకు అమ్మును. ఆ ధరకు చాలా రకముల అసలు కార్లే దొరకును గనుక ఇది నా బుద్ధికి ఎక్కదు. సినిమా కార్ల నకళ్ల విషయములో మరియొక తలనొప్పి: 2000 సంవత్సరపు చిత్రములో ఎలినార్ పేరుతో వచ్చిన మస్టాంగును పోలినదానిని ఎవరు తయారుచేసినను ఆ పాత్రపై హక్కు తమదనువారు ఏండ్ల తరబడి దావాలు వేసిరి. 2025 మే నెలలో అప్పీళ్ల న్యాయస్థానము ఆ కారు కాపీరైటు పొందదగిన పాత్ర కాదని తీర్పిచ్చిన తరువాత గాని ఆ భయము తీరలేదు.

చట్టము సంగతి కొంత తెలిసికొనవలయును. 2015లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టము ప్రకారము చిన్న తయారీదారు, కనీసము 25 ఏండ్ల క్రిందటి కారును పోలిన కార్లను ఏడాదికి 325 వఱకు పూర్తిగా తయారుచేసి అమ్మవచ్చును. నేటి కార్ల ఢీకొను పరీక్షలనుండి మినహాయింపు గలదు గాని పొగ విషయమున నేటి ప్రమాణములే వర్తించును. దాని నియమావళి వెలువడుటకే ఏండ్లు పట్టెను. నేటికిని నకళ్లలో చాలభాగము విడిభాగములుగా కొని కూర్చుకొన్నవే. కాలిఫోర్నియాలో అట్టి సొంతకూర్పు కార్లకు పొగపరీక్షలో సడలింపునిచ్చు ధ్రువపత్రములు ఏడాదికి 500 మాత్రమే ఇత్తురు. ఇన్సూరెన్సు తీసికొనునప్పుడు కారు విలువను ముందే ఇరుపక్షములు ఒప్పుకొని పాలసీలో వ్రాయించుకొనవలయును. మామూలు పాలసీలో అయినచో ప్రమాదము జరిగిన పిదప అది ఏ సంవత్సరపు కారన్న తగవులోనే కాలము గడచును.

ఇక సొమ్ము మాట. చేయితిరిగిన వారు పూర్తిచేసిన మంచి నకలు కోబ్రా నలుబది వేల డాలర్ల నుండి లక్ష డాలర్ల వఱకు నుండును, అల్యూమినియము ఒడలైనచో ఇంకను ఎక్కువ. అది అసలువలె ధర పెరుగునని చెప్పు వర్తకుని మాట నమ్మరాదు. అసలునకు విలువ నిచ్చునది అల్పసంఖ్య. నకలు కావలసినన్ని తయారుచేయవచ్చును, వచ్చే యేడు మరింత మంచిది వచ్చును. పేరున్న సంస్థ కూర్చిన కారు కొంతకాలము తన ధరను నిలుపుకొనును. ఇంటిలో సగము నేర్పుతో కూర్చినది అమ్మబోయినప్పుడు పెట్టిన ఖర్చులో చాలభాగము పోవును. వందల గంటల శ్రమకు కూలి ఎవరును కట్టరు. ఐనను నా అభిప్రాయములో ఈ బేరములన్నింటిలోను అత్యధిక లాభము పొందువాడు ఆ ఇంటి కూర్పరియే. రెండు మూడు చలికాలములు గ్యారేజిలో తీగలు కలుపుచు, బ్రేకు గొట్టములు వంచుచు గడపి, తాను బిగించిన ఇంజను మొదటిసారి మోగగా విన్నవాడు అసలు కోబ్రా సొంతదారునకు సైతము లేని యొక హక్కును సంపాదించినాడు: అతని కారు నకలే గాని, దానిని చేసిన చేతులు అతనివే. కేవలము నలుగురి కన్నుకుట్టించుటకై కొనువాడు మాత్రము త్వరలోనే విసుగు చెందును. పెట్రోలు బంకులో ఆగిన ప్రతిసారియు ‘నిజమైనదేనా?’ అను ప్రశ్న తప్పదు గనుక.

షెల్బీ పుట్టిపెరిగిన టెక్సాసులో, డాలసు చుట్టుప్రక్కల, నేడు మన తెలుగు కుటుంబములు వేలకొలది స్థిరపడియున్నవి. రెండు కార్ల గ్యారేజియు, అప్పు తీరిన యిల్లును గల యింజనీర్లకు ఈ మోజు పుట్టుట సహజమే. వారికి నా సమాధానము: నడుపుటకైనచో కొనుడు, దాచుటకైనచో వలదు. ఇక్కడికి ఓడలో పంపుకొను ఆలోచన మాత్రము మానుకొనుడు. మన కేంద్రప్రభుత్వము 2021లో ఏబది యేండ్లు దాటిన వాహనములకు రాష్ట్రపు అక్షరముల ప్రక్కన ‘వీఏ’ అని యుండు ప్రత్యేకమైన నంబరుతో వింటేజి రిజిస్ట్రేషను కల్పించెను గాని, చట్రమును, ఒడలును, ఇంజనును గణనీయముగా మార్చిన వాహనములకు అది దొరకదు. నిన్నమొన్న కూర్చిన నకలునకు అసలే దొరకదు. వాడిన కార్లుగా దింపుకొనుటకు కుడిచేతి స్టీరింగు ఉండవలెను, వయస్సు మూడేండ్లు మించరాదు.

కట్టకడపట ఒక జాగ్రత్త. అమెరికాలో కొన్ని రాష్ట్రములు నకలు కారునకు అది కూర్చబడిన సంవత్సరమును వ్రాసి టైటిలు ఇచ్చును. మరికొన్ని, అది పోలియున్న పాతకారు సంవత్సరమును, అనగా 1965 అనియే, వ్రాయును. ఏ తప్పును లేని అమ్మకపుదారు చేతినుండియు ఆ 1965 కాగితము పదేండ్ల తరువాత వేరొకని చేతిలో అసలునకు సాక్ష్యముగా మారవచ్చును. కావున బయానా ఇచ్చుటకు ముందు టైటిలును అడిగి తీసికొని, అందులోని సంవత్సరమును చట్రముపై పొడిచిన నంబరును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. కూర్చినవాడెవడో, ఎప్పుడు కూర్చెనో అమ్మకపు రసీదుపై వ్రాయించి సంతకము పెట్టించుకొనుడు. దానికి వెనుకాడువాని యొద్ద కారెంత బాగున్నను కొనవలదు.